మిద్దె మీది మట్టి

కొండచరియలు విరిగిపడి మనుషులు మట్టిలో కూరుకుపోయారన్న వార్త వచ్చినప్పుడల్లా మన ప్రాంతపు ప్రజలు ‘ఇన్నా లిల్లాహ్’ అని పలికి, మనకు ఆ బాధ లేదులే అనుకుంటారు. 2024 జూలై 30 తెల్లవారుజామున కేరళలోని వయనాడ్ జిల్లాలో ముండక్కై, చూరల్‌మల ప్రాంతాలపై కొండ జారి రెండు వందల మందికి పైగా మరణించినప్పుడు మా మదరసా విద్యార్థులు కూడా ఆ మాటే అన్నారు. మరుసటి నెల ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండరాళ్లు ఇళ్ల మీద పడి మనుషులు మరణించినప్పుడూ అదే మాట విన్నాను. నల్లమల ఘాట్ రోడ్డు మీద వానాకాలంలో రాళ్లు జారిపడటం తప్పిస్తే, మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో కొండ వైపు చూస్తూ భయంతో పడుకొనే కుటుంబాలు తక్కువే. అయితే మన మీద పడే మట్టి కొండ నుంచి రాదు. దానిని మన తాతముత్తాతలు తట్టలతో మోసి మన తలల పైన పేర్చారు. ఏటేటా మనమూ మరికొంత పేరుస్తున్నాము.

వయనాడ్ ఘటనకు దాదాపు నెల ముందు, 2024 జూలై 1 తెల్లవారేసరికి, నాగర్‌కర్నూల్ సమీపంలోని వనపట్ల గ్రామంలో మట్టి మిద్దె కూలి ఒక తల్లి, ఆమె ముగ్గురు బిడ్డలు మరణించారు. 2021 అక్టోబర్ 10న గద్వాల జిల్లా అయిజ మండలం కొత్తపల్లిలో వానకు నానిన గోడ కూలి భార్యాభర్తలు, వారి ముగ్గురు పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. అంతకు ఏడాది ముందు, 2020 అక్టోబర్‌లో, వనపర్తి జిల్లా గోపాల్‌పేట మండలం బుద్దారంలో ఇంటిపెద్ద సంవత్సరీకానికి కూడిన కుటుంబం మీద మిద్దె కూలి ఐదుగురు మరణించారు. మూడు జిల్లాలు, మూడు ఊళ్లు, పద్నాలుగు ప్రాణాలు. మూడు చోట్లా మట్టి నిద్రవేళలోనే మీద పడింది. ఆ ఇళ్లు ఎవరివన్న ప్రశ్న ఇక్కడ అనవసరం. మన మొహల్లాలలోని ఇళ్లు కూడా అదే మట్టితో, అదే పద్ధతిలో కట్టినవే.

ఆ పద్ధతి మన పెద్దలకు కంఠతా వచ్చు. రాళ్లను మట్టితో పేర్చిన మందపు గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద పుల్లలు లేదా కంప, ఆపైన మట్టి, అన్నిటికంటే పైన నీరు దిగకుండా చౌడు మట్టి. మే నెల ఎండల్లో ఆ ఇంట్లోకి అడుగుపెడితే కలిగే చల్లదనం ఏ కాంక్రీటు ఇంటికీ రాదు. నేను పుట్టిందీ అలాంటి ఇంటిలోనే. అందువలన దానిని నిందించడం నా ఉద్దేశం కాదు. సక్రమంగా చూసుకొన్న మిద్దె రెండు మూడు తరాలు నిలుస్తుంది.

చిక్కు ఆ చూసుకోవడంలోనే ఉన్నది. ఏటా తొలకరికి ముందు మిద్దె ఎక్కి కొత్త చౌడు పరచడం మన ఆచారం. అది ఇంటి రక్షణ కోసం చేసే పనే. కాని పాత పొరను గీకి దింపిన తరువాతనే కొత్తది వేయాలన్న నియమాన్ని పాటించే ఇళ్లు నేడు ఎన్ని? గీకి దింపడానికి కూలీ కావాలి, దింపిన మట్టి పోయడానికి చోటు కావాలి. కనుక పాతదాని మీదనే కొత్తది పడుతుంది. ముప్పై ఏళ్లలో జానెడు మందం మూరెడు అవుతుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు మందం గల తడి మట్టి యాభై కిలోలకు తక్కువ తూగదు. పది అడుగులు, పన్నెండు అడుగుల గది మీద అడుగు మందం మట్టి ఉంటే, వాన పడిన రాత్రి ఆ ఇంటివారి మీద ఆరు టన్నుల బరువు వేలాడుతున్నట్లు లెక్క. దానిని మోస్తున్నది తాత కాలపు దూలం. ఆ దూలాన్ని చెదలు లోపలి నుంచి తింటుంది, పైకి రంగు మాత్రం అలాగే ఉంటుంది.

ఇంత ప్రమాదమని ఆ ఇంటివారికి తెలియదా? తెలుసు. బయటివారు వచ్చి ‘ప్రజలకు అవగాహన లేదు’ అనడం నాకు ఎన్నడూ నచ్చలేదు. తమ ఇంట్లో ఏ దూలం వంగిందో, ఏ మూల గోడ ఉబ్బిందో ఇంటి ఇల్లాలికి తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలియదు. తేడా ఎక్కడంటే, అపాయాన్ని కొలిచే గుర్తుల్లో ఉన్నది.

మా మొహల్లాలో డెబ్బై ఏళ్లు దాటిన ఒక ఖాలా ఒంటరిగా ఉంటారు. కొడుకు పుణేలో భవనాల పని చేస్తాడు. పరుల కోసం పది అంతస్తుల శ్లాబులు పోసే పాలమూరు మనిషికి సొంత ఊళ్లో మట్టి మిద్దె ఉండటం మనలో కొత్త సంగతేమీ కాదు. గత వానాకాలంలో ఆమె గోడకు వేలు దూరేంత పగులు వచ్చిందని తెలిసి వెళ్లాను.

“ఖాలా, ఈ నాలుగు రోజులైనా ఇక్కడ పడుకోకండి” అన్నాను.

“ఏం కాదు మౌల్వీసాబ్. పోయినేడు కారింది, అప్పుడు భయపడ్డ. ఈసారి కొడుకు తాటిపత్రి కప్పించి పోయిండు. చూడండి, ఒక్క చుక్క పడుతలేదు” అన్నారామె గర్వంగా.

నా దృష్టిలో అసలు విషయం ఆ ఒక్క మాటలో ఉన్నది. మన జనం అపాయాన్ని కారే చుక్కతో కొలుస్తారు. చుక్క పడితే బియ్యం తడుస్తాయి, పరుపు తడుస్తుంది, రాత్రి నిద్ర ఉండదు. కనుక చుక్కను ఆపడమే రక్షణ అనుకుంటారు. తాటిపత్రి మేలు చేయదని కాదు. తొలి వానకు ముందే కప్పి, నీరు గోడకు దూరంగా జారేటట్లు వాలు కట్టితే అది ఎంతో మేలు. నాలుగు రోజులు వాన తాగిన మిద్దె మీద ఆలస్యంగా కప్పితే మాత్రం లోపలి తడిని ఆరనివ్వదు. పైగా కారే చుక్క ఇంటివారికి ఇచ్చే హెచ్చరికను కూడా మూసివేస్తుంది. పత్రి మీది నీరు నేరుగా గోడ మొదట్లో పడితే పైకప్పు పొడిగా ఉండగానే గోడ కాళ్లు కరిగిపోతాయి. నడిగడ్డ నల్లరేగడిలో ఈ బాధ మరీ ఎక్కువ. ఆ నేల ఎండకు నోరు తెరుస్తుంది, వానకు ఉబ్బుతుంది, దాని మీది గోడను ఏటా అటూ ఇటూ కదిలిస్తుంది.

రెండో గుర్తు వాన. వాన పడుతున్నంతసేపు అందరూ మేలుకొని ఉంటారు, పిల్లలను దగ్గరకు తీసుకుంటారు, దుఆలు చదువుతారు. వాన ఆగి ఎండ కాస్తే ‘అల్‌హందులిల్లాహ్, గండం గడిచింది’ అని లోపలికి వెళ్లి హాయిగా నిద్రపోతారు. కాని మట్టి తాగిన నీరు ఆ పూటకు దిగిపోదు. అది పై నుంచి కిందికి, గోడ మొదలు నుంచి నడుముకు నెమ్మదిగా పాకుతుంది. ముసురు వెలిసిన తరువాత రెండు మూడు రోజుల వరకు కూలే ప్రమాదం తగ్గదు. ఒక్కోసారి ఎండకు ఒక వైపు ఆరి, మరొక వైపు తడిగా ఉన్న గోడే ముందుగా చీలుతుంది.

మరి అధికారులు చెప్పే జాగ్రత్తలు? ముసురు పట్టగానే ఊళ్లో చాటింపు వేస్తారు, శిథిల గృహాల్లో ఉండరాదని, సర్కారు బడిలోకి రావాలని. మంచి మాటే. కాని ఎవరూ వెళ్లరు. ఎందుకు వెళ్లరని ఖాలాను అడిగితే ఆమె వేళ్లు మడిచి లెక్క చెప్పారు. “రెండు మేకలున్నయి, వాటిని ఎవరు చూస్తరు? బడిలో ఒకటే పెద్ద గది, పరాయి మగవాళ్ల నడుమ ఎట్ల పడుకోవాలె? రాత్రి పూట మరుగుకు ఎటు పోవాలె? నేను తాళం వేసి పోతే ఇల్లు ఖాళీ అని రాసుకుంటే?” చివరి మాటను తేలికగా తీసుకోరాదు. కాగితం సరిగా లేని జాగాలో తరాలుగా ఉంటున్న కుటుంబానికి ఇల్లు విడవడమంటే హక్కు విడవడమేనన్న భయం ఉంటుంది. గోడ కూలవచ్చు, కూలకపోవచ్చు. మేకలు పోవడం, పరువు పోవడం, జాగా పోవడం మాత్రం ఆమె లెక్కలో తప్పనిసరి నష్టాలు. ఆ లెక్క తప్పని నేను అనలేను. మనం చూపే జాగ్రత్తలో మేకలకు చోటు లేదు, పరదాకు చోటు లేదు. ఇక ఆమె ఎలా వస్తుంది?

ఇన్ని చెప్పిన తరువాత చివరగా ఆమె, “పైవాడు రాసింది తప్పుతుందా?” అన్నారు. నా వృత్తి కారణంగా ఈ ప్రశ్న నన్ను దాటిపోదు. గమనించండి, తఖ్దీర్ మాట ఆమె నోట మొదట రాలేదు. మేకల తరువాత, పరదా తరువాత వచ్చింది. మనలో చాలామంది విధివ్రాతను అపాయానికి కారణంగా చెప్పరు. వేరే దారి లేదని చెప్పడానికి దానిని వాడుతారు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు వెళ్తూ సర్గ్ అనే చోట, అక్కడ ప్లేగు వ్యాపించిందని విని వెనుదిరిగారు. దైవనిర్ణయం నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించగా, ఒక దైవనిర్ణయం నుంచి మరొక దైవనిర్ణయం వైపే వెళ్తున్నామని సమాధానమిచ్చారు. పచ్చిక ఉన్న లోయ, ఎండిన లోయ రెండూ ముందుంటే ఒంటెల కాపరి ఎటు తోలినా అది అల్లాహ్ నిర్ణయమే కదా అని ఉపమానం చెప్పారు. దైవప్రవక్త (స) పిట్టగోడ లేని మిద్దె మీద రాత్రి పడుకోవడాన్ని కూడా వారించారు, అలా పడుకొన్నవాని విషయంలో రక్షణ బాధ్యత తొలగిపోతుందని హెచ్చరించారు. మిద్దె మీద పడుకొనే పద్ధతినే ధర్మం పట్టించుకొన్నప్పుడు, మిద్దె కింద పడుకొనే పద్ధతిని వదిలివేస్తుందా?

మరొక మాట కూడా జనాజాల దగ్గర వింటుంటాము. కట్టడం కూలి దాని కింద మరణించిన విశ్వాసిని షహీదులలో లెక్కించిన హదీసు ఉన్నది. నేనూ దానిని ఎన్నో ఇళ్లలో వినిపించాను. బిడ్డను మట్టిలో నుంచి తీసుకొన్న తండ్రికి అంతకు మించిన ఓదార్పు లేదు. కాని ఆ శుభవార్త పోయినవారి కోసం, వారిని పోగొట్టుకొన్నవారి కోసం. వంగిన దూలం కింద పిల్లల పరుపులు వేసే తండ్రికి దానిని ముందస్తు సమాధానంగా వాడుకొనే అనుమతి లేదు.

పక్కా ఇల్లు కట్టుకొంటే పీడ విరగడవుతుందని అంటారు. ఇందిరమ్మ ఇళ్ల పథకం 2024 మార్చిలో ప్రారంభమైంది, సొంత జాగా ఉన్నవారికి 5 లక్షల రూపాయలు విడతలుగా ఇస్తుంది. అర్హులైనవారు తప్పక దరఖాస్తు చేయాలి. అయితే మొదటి విడత పునాది పూర్తయిన తరువాతనే వస్తుంది. పునాదికి చేతిలో డబ్బు లేని విధవరాలు, కాగితం లేని కుటుంబం మట్టి మిద్దెలోనే మిగులుతారు. అలాంటివారికి జకాత్ సొమ్మునో సదకా సొమ్మునో పునాది కోసం ఇవ్వవచ్చునా అని అడిగే సోదరులు తమ ఊరి ముఫ్తీ గారిని సంప్రదించగలరు. నా మాట ఆ లోపు గడపవలసిన వానాకాలాల గురించి.

మా మదరసాలో రెండు గదులను వానాకాలంలో స్త్రీలకు, పిల్లలకు కేటాయించాము. వేరే ద్వారం, వేరే మరుగుదొడ్డి ఉన్నాయి. వెనుక వేపచెట్టు కింద రేకులు దించి పశువులకు చోటు చేశాము. ఇంటి తాళంచెవి ఎవరిది వారి దగ్గరే ఉంటుంది, రాత్రి ఇద్దరు యువకులు మొహల్లాలో తిరుగుతారు. వాన ఆగిన రోజున ఫజ్ర్ తరువాత మస్జిద్ మైకులో, ఇంకో మూడు రాత్రులు లోపల పడుకోవద్దని చెప్పిస్తాము. దంతెల సందుల నుంచి పొడి మట్టి రాలుతున్నా, నిన్నటి వరకు సులువుగా మూసుకొన్న తలుపు ఈరోజు చౌకట్టుకు పట్టేసినా, గోడ పగులు పెరుగుతున్నా ఆ రోజే బయటికి రావాలని కూడా చెప్పిస్తాము. మొదటి రాత్రి మూడు ఇళ్లవారు వచ్చారు. నాలుగో రోజుకు తొమ్మిది ఇళ్లయ్యాయి. మన పొరుగున ఉండే హిందూ కుటుంబాలు రెండు వాటిలో ఉన్నాయి.

ఖాలా రెండో సాయంత్రం మేకలను తోలుకొని వచ్చారు. వాన వెలిసిన తరువాత ఒక వడ్రంగిని తీసుకొని ఆమె ఇంటికి వెళ్లాము. అతడు దూలాన్ని సుత్తితో ఒక కొస నుంచి మరొక కొస వరకు తట్టుతూ పోయాడు. గోడలో దిగిన కొస దగ్గర మూరెడు మేర బోలుగా పలికింది. సరిగ్గా ఆ కింద ఆమె మంచం ఉన్నది. దూలం మార్చడానికి ఎండాకాలం వరకు ఆగాలి. ప్రస్తుతానికి రెండు ఊతకర్రలు నిలబెట్టారు, మా పిల్లలు మిద్దె ఎక్కి పాత మట్టిని పదకొండు బండ్లు దించారు, మంచం ముందు వసారాలోకి మారింది.