బొట్టు రూపాయి బిళ్లంత

కోనసీమలోని దిండి రేవు అనగానే చిత్రకారులు వశిష్ఠ గోదావరి, కొబ్బరి చెట్లు, పడవలు గీస్తారు. గట్టున నడిచే ఆడమనిషి అందులో ఒక చుక్క.

ఆ చుక్కను కాన్వాసంతా పరిచినవారు చిత్రకారుడు తోట వైకుంఠం. గోదావరికి ఎగువన, నాటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టారు. బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర చదివారు. ఊరి నాటకాల్లో ఆడవేషం కట్టే మగవాళ్ల అలంకారం చిన్ననాడే ఆయన కంటికి పట్టింది. అందుకేనేమో ఆయన స్త్రీల బొట్టు రూపాయి బిళ్లంత, చీర నిప్పు రంగు, ఒళ్లు నిగనిగలాడే నలుపు.

1905లో డ్రెస్డెన్‌లో జట్టుకట్టిన జర్మన్ ఎక్స్‌ప్రెషనిస్టు చిత్రకారులూ రంగును ఇంత గట్టిగానే వాడారు. వాళ్ల కలవరం ఇక్కడ లేదు, వైకుంఠం స్త్రీది ధీమా.

కాస్త ఎక్కువ ధీమానే! బొమ్మ బయట, కోనసీమ వరిచేలో నాట్లు వేసే మనిషి కుచ్చిళ్లు ఎగదోపి, చీర మీద మగవాళ్ల చొక్కా తొడుగుతుంది. ఆ చొక్కాను గీసేవాళ్లు తక్కువ.