మొండికేసిన కణం

లెట్రోజోల్ బిళ్ళ మానేసి ఆకు కషాయం తాగుతున్న తల్లిని ఒక కుర్రవాడు మా ఓపీకి తీసుకొచ్చాడు. పల్నాడు వైపు పత్తి రైతులు. ఆమె రొమ్ము క్యాన్సర్ అప్పటికే ఎముకలకు పాకింది. ఫలానా ఆకు రసంతో రొమ్ము క్యాన్సర్ కణాలు చచ్చిపోయాయన్న వార్త ఫోన్లో చూపించి, "సైంటిస్టులే చెప్పారు సార్" అన్నాడు. వార్తలో అబద్ధం లేదు. కణాలు నిజంగానే చచ్చి ఉంటాయి. బ్లీచింగ్ నీళ్ళు పోసినా చస్తాయి. ఎంత మోతాదులో చచ్చాయి, ఆ మోతాదు మనిషి రక్తంలోకి చేరుతుందా, పక్కన పెట్టిన మంచి కణాలు బతికాయా, అసలు అవి ఎవరి కణాలు అన్నవి వార్తలో ఉండవు.

ఎవరి కణాలన్నది నాకు ముఖ్యమైన ప్రశ్న. రొమ్ము క్యాన్సర్ మందుల పరిశోధనలో ఎక్కువగా వాడే సెల్ లైన్, అంటే ప్రయోగశాలలో పెంచుతూ పోయే కణాల వరస, పేరు ఎంసీఎఫ్-7. అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో, మిషిగన్ క్యాన్సర్ ఫౌండేషన్‌లో, 1970లో హెర్బర్ట్ సూల్ దాన్ని పెంచాడు. 69 ఏళ్ళ ఒక క్రైస్తవ సన్యాసిని ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటిలోంచి ఆ కణాలు వచ్చాయి. పేరులోని 7 అంటే ఏడో ప్రయత్నమని. ఆమె ఆ ఏడాదే పోయింది. కణాలు మాత్రం ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఇప్పటికీ విభజన చెందుతూనే ఉన్నాయి. ఆయాసంతో కూర్చోలేక వచ్చిన ఆడవాళ్ళకు మేం వార్డులో సూది పెట్టి తీసేది సరిగ్గా అలాంటి నీటినే. పరీక్షకు కొంచెం పంపి, మిగతాది పారబోస్తాం.

ఈ కణాలకు నేను చికిత్స చేసిన రోగుల్లో చాలామంది రుణపడి ఉన్నారు. ఈస్ట్రోజన్ ఇస్తే పెరుగుతాయనీ, టామాక్సిఫెన్ లాంటి మందు ఇస్తే ఆగుతాయనీ 1975 ప్రాంతంలో మార్క్ లిప్‌మన్ బృందం వీటి మీదే చూపింది. పాల్బోసిక్లిబ్ అనే మందు కథ ఇంకా దగ్గరిది. 2009లో లాస్ ఏంజిలెస్ పరిశోధకులు నలభైకి పైగా రొమ్ము కణాల రకాల మీద ఆ మందు వేసి చూస్తే, హార్మోను మీద ఆధారపడేవే ఎక్కువగా లొంగాయి. అందుకే మందును ఆ రోగుల్లోనే పరీక్షించారు. 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఎవరికి ఇవ్వాలో కణాలే ముందు చెప్పాయి.

అవే కణాలు దారి తప్పించిన సందర్భాలూ ఉన్నాయి. కణాల్ని పెంచే ద్రవానికి ఎరుపు రంగునిచ్చే ఫినాల్ రెడ్ కూడా కొద్దిగా ఈస్ట్రోజన్‌లా పనిచేస్తుందని 1986లో తేలింది. అంటే ఈస్ట్రోజన్ లేదనుకుని పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో కణాలకు అలాంటి ప్రభావం అందుతూనే ఉంది. అంతకంటే నన్ను బాధపెట్టేది ఎంసీఎఫ్-7/ఏడీఆర్ సంగతి. డాక్సోరూబిసిన్ అనే కీమో మందుకు లొంగని రొమ్ము క్యాన్సర్ నమూనా అంటూ దాన్ని ఏళ్ళ తరబడి వాడారు. చివరికి డీఎన్‌ఏ పోల్చి చూస్తే అవి అండాశయ క్యాన్సర్ కణాలని బయటపడింది. కీమో పనిచేయడం మానేసిన మనిషి కోసం వెతికిన సమాధానాల్లో కొన్ని వేరే జబ్బు కణాల నుంచి వచ్చాయన్నమాట.

మందుకు లొంగని కణాన్ని ప్రయోగశాలలో తయారు చేసే పద్ధతి మామూలుగా ఇదీ: కొద్ది మోతాదుతో మొదలుపెట్టి, చచ్చినవి చావగా మిగిలినవాటికి నెలల తరబడి మోతాదు పెంచుతూ పోతారు. ఆ కుర్రవాడికి దీన్ని వివరించడానికి నాకు కష్టం కాలేదు. "మీ చేలో కొట్టిన మందే కొడుతుంటే పురుగు ఏమవుతుంది?" అన్నాను. "మొండికేస్తుంది సార్" అన్నాడు. కాకపోతే డిష్‌లో అలా మొండికేసిన కణం చాలాసార్లు ఒకే దారి పడుతుంది. లోపలికొచ్చిన మందును బయటికి తోసేసే పీ-గ్లైకోప్రోటీన్ అనే పంపును పెంచుకుంటుంది. ఆ పంపును ఆపే మందులు ప్రయోగశాలలో బాగా పనిచేశాయి, రోగుల దగ్గర నిరాశపరిచాయి. మనిషి ఒంట్లో కణానికి వేరే దారులు చాలా ఉన్నాయి.

అలాంటి దారి ఒకటి 2013లో స్పష్టంగా కనిపించింది. అరోమాటేజ్ నిరోధకాలు, అంటే లెట్రోజోల్ లాంటివి, వాడుతుండగానే జబ్బు ముదిరిన స్త్రీల కణితుల్లో ఈస్ట్రోజన్ గ్రాహకం జన్యువైన ఈఎస్ఆర్1లో మార్పులు దొరికాయి. ఈస్ట్రోజన్ లేకపోయినా ఆ గ్రాహకం ఆన్‌లోనే ఉండిపోతుంది. మొదటి కణితిలో ఈ మార్పు చాలా అరుదు. చికిత్స ఒత్తిడిలోంచి పుడుతుంది. దీన్ని ముందు చెప్పింది రోగులే. తర్వాత అదే మార్పును ఎంసీఎఫ్-7లో పెట్టి మందులు పరీక్షించారు. అలాంటి రోగుల కోసం ఎలాసెస్ట్రాంట్ అనే మందుకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. నా దృష్టిలో సరైన వరస ఇదే. లొంగని జబ్బు అంటే ఒక మనిషి ఏళ్ళ తరబడి మింగిన మందుల చరిత్ర. దాన్ని డిష్‌లో పుట్టించడం కంటే మనిషి దగ్గర నేర్చుకుని డిష్‌లోకి తీసుకెళ్ళడం మేలు.

ఆ దిశలోనే 2018లో నెదర్లాండ్స్‌లో హాన్స్ క్లెవర్స్ బృందం రోగుల కణితుల నుంచే వందకు పైగా ఆర్గనాయిడ్లను, అంటే జెల్‌లో పెరిగే చిన్న కణగుచ్ఛాలను, పెంచి భద్రపరిచింది. మన దగ్గర ఐఐటీ మద్రాసులో జాతీయ క్యాన్సర్ కణజాల బయోబ్యాంకు ఉంది. కానీ ఎక్కువగా వాడే పాత సెల్ లైన్లు చాలావరకు తెల్లజాతి స్త్రీలవి. ఆలస్యంగా వచ్చి, చికిత్స మధ్యలో ఆపి, మళ్ళీ మొదలుపెట్టే మన ఆడవాళ్ళ జబ్బు వాటిలో లేదు. ఇది నాకు మింగుడు పడదు.

ట్రిపుల్ నెగెటివ్, అంటే హార్మోను గ్రాహకాలూ హెర్2 కూడా లేని, జబ్బుతో, రెండు రకాల కీమో పనిచేయడం మానేసి, ఛాతీలో మళ్ళీ మళ్ళీ నీరు చేరుతున్న ఒకావిడను ఆ నీరు పరిశోధనకు ఇస్తారా అని అడిగాను. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉన్న పని. "నాకేమన్నా పనికొచ్చిద్దా సారూ?" అంది. రాదమ్మా అని చెప్పాను. కణాలు పెరగడానికి నెలలు పడుతుందనీ, చాలాసార్లు పెరగవనీ కూడా చెప్పాను. కాసేపు ఆలోచించి, "నా పేరు రాస్తారా?" అంది. రాయరు, నంబరు మాత్రమే అన్నాను. "మందులు ఎన్ని మింగానో అయినా రాయండి" అని వేలిముద్ర వేసింది.

ఆవిడ కణాలు డిష్‌లో ఎక్కువ రోజులు నిలవలేదు. నీరు ల్యాబ్‌కు చేరేసరికి ఆలస్యమైంది. ఇప్పుడు సూది పెట్టకముందే ల్యాబ్‌కు ఫోన్ చేస్తున్నాం. సీసాతో పాటు ఏ మందు ఎన్ని నెలలు వాడారో, ఏది ఎప్పుడు పనిచేయడం మానిందో రాసిన కాగితం కూడా పంపుతున్నాం.