బకెట్లో మూడో రోజు

కొత్తగా ఇంట్లో బీరు చేసుకునేవాళ్లకి గుండె జారేది మూడో రోజున. మాల్ట్ రసాన్ని హాప్స్‌తో మరిగించి, చల్లార్చి, ఈస్ట్ చల్లి మూత బిగించిన బకెట్లో అప్పటికి జిగట నురగ పైదాకా పొంగి ఉంటుంది. దాని మీద గోధుమరంగు చారలు, అక్కడక్కడా ముద్దలు. లాగర్ ఈస్ట్ వేస్తే కుళ్లిన గుడ్ల కంపు కూడా తోడవుతుంది. అమెరికాలో ఉన్న మన కుర్రాళ్లు సరిగ్గా అప్పుడే ఫొటో తీసి పంపుతారు: "అన్నా, పాడైందా? పారబోసేయనా?"

వద్దు నాయనా. ఆరోగ్యంగా పులిసే బీరు అలాగే ఉంటుంది. ఆ చారలు హాప్స్ జిగురూ ప్రోటీనూ, ముద్దలు ఈస్టే. గంధకం వాసన బొగ్గుపులుసు వాయువుతో పాటు మెల్లగా వెళ్లిపోతుంది. కొన్నాళ్లకు నురగ కూలి, బకెట్ గోడకు మురికి చార మిగులుతుంది. అందవికారంగా ఉందని మంచి బీరును మోరీలో పోశారని తెలిస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అసలు దోషం సాధారణంగా అంతా సద్దుమణిగాక బయటపడుతుంది. తేరిన బీరు మీద, కాచిన పాల మీది మీగడలా, ముడతలు పడ్డ పలచటి పొర కడుతుంది. మూత కింద గాలి చేరినచోట అడవి ఈస్టులూ బ్యాక్టీరియా అల్లుకునే పొర అది. బ్రసెల్స్ పరిసరాల్లో లాంబిక్ బీరు చేసేవాళ్లు వాటినే కోరి రానిచ్చి, ఏళ్ల తరబడి పీపాల్లో ఉంచుతారు. మనం రమ్మనలేదు, అంతే తేడా. నూగునూగుగా, పచ్చగానో నల్లగానో బూజు పడితే మాత్రం ఆలోచన వద్దు, పారబోయాల్సిందే.

పైకి ఏమీ కనబడని దోషంతోనే కష్టం. 1871లో లండన్‌లోని విట్‌బ్రెడ్ బ్రూవరీకి వెళ్లిన పాశ్చర్, అక్కడి పోర్టర్ అనే నల్ల బీరు ఈస్టును మైక్రోస్కోప్ కింద పెట్టి, ఉండకూడని జీవులు ఉన్నాయని చెప్పాడు. ఆ ఈస్టుతో బాగా రావడం లేదని, వేరేది తెప్పించుకుంటున్నామని వాళ్లు అప్పుడు ఒప్పుకున్నారు. వారం తర్వాత ఆయన మళ్లీ వెళ్లేసరికి సొంతంగా మైక్రోస్కోప్ కొనుక్కున్నారు.

మన ఇళ్లలో ఆ పని చాలావరకు బీరు సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ చేస్తుంది. 1.050 దగ్గర మొదలైన బీరు 1.010 చుట్టుపక్కల ఆగి, కొన్ని రోజులు కదలకపోతే పులియడం ముగిసినట్టే. మూత మీద వాయువు బయటికి పోయే ఎయిర్‌లాక్‌లో బుడగల్ని మాత్రం నమ్మలేం: గది వేడెక్కితే ఊరికే వస్తాయి, మూత వదులైతే అసలు రావు. ఆగిందనుకున్న అంకె వారాల తర్వాత 1.000 వైపు జారుతూ, రుచి పులుపెక్కుతుంటే, మనం వేసిన ఈస్ట్ తినలేని చక్కెరల్ని ఇంకేదో తింటోందన్నమాట. దాన్ని సీసాల్లో నింపితే సీసాలు పేలవచ్చు. గాజుముక్కలు కంట్లో పడే ప్రమాదం ఉంది గనక ఈ కొలత దగ్గర బద్ధకం పనికిరాదు.

పాడైన బీరును పారబోశాక ప్లాస్టిక్ బకెట్ లోపలి గోడను వేలితో తడిమి చూడాలి. గీతల్లో దాక్కున్నవాటికి శానిటైజర్ సరిగా అందదు. కుళాయి ఉంటే విప్పి, ముక్కముక్కా కడగాలి. గీతలు పడ్డ బకెట్లో మళ్లీ బీరు పోయకండి, బట్టలు నానబెట్టుకోవడానికి పనికొస్తుంది.