నా నడుములో మంట, దాని పేరులో క్యాన్సర్

నడుంనొప్పి అంటే మన ఐటీ వాళ్లకి పెద్ద వార్తేం కాదు. టీ బ్రేక్‌లో ఎవరిని కదిపినా ఒక కథ చెప్తారు. నాది మాత్రం కొంచెం తేడా. పడుకుంటే ఎక్కువ, నడిస్తే తక్కువ. తెల్లవారుజామున మూడింటికి నొప్పితో మెలకువ వచ్చేది. లేచాక గంట దాకా నడుం వంగేది కాదు. చివరికి ఎంఆర్‌ఐ, హెచ్‌ఎల్‌ఏ-బీ27 టెస్టు చూసి రుమటాలజిస్టు జబ్బు పేరు చెప్పారు: యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. నా వయసు 28. మాత్రలతో లాభం లేకపోయేసరికి ‘యాంటీ-టీఎన్‌ఎఫ్’ ఇంజెక్షన్ మొదలుపెడదామన్నారు.

టీఎన్‌ఎఫ్ అంటే ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్. కణితిని చంపేది అని అర్థం. ఖమ్మంలో ఉన్న మా నాన్నకి ఫోన్‌లో ఇది చెప్పగానే ఒక్కటే అడిగాడు. “కణితుల్ని చంపేదాన్నే ఆపేస్తే, రేపు క్యాన్సర్ వస్తే ఎట్లరా?”

న్యాయమైన ప్రశ్న. ఇంజెక్షన్‌కి సరే అనేముందు నాకూ దీని జవాబు కావాలి. చదవడం మొదలుపెట్టాను.

మన రోగనిరోధక కణాలు ఒకదానికొకటి మెసేజ్‌లు పంపుకుంటాయి. ఆ మెసేజ్‌లే సైటోకైన్లు అనే చిన్న ప్రోటీన్లు. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 అన్నీ ఈ కుటుంబమే. క్రిమి కనబడగానే అలారం కొడతాయి, మిగతా కణాలు పరుగెత్తుకొస్తాయి. వాపు, జ్వరం, నొప్పి అన్నీ దాని ఫలితమే. పని అయ్యాక అలారం ఆగాలి. నా వెన్నులో అది ఆగట్లేదు. సర్వర్ బాగానే ఉన్నా రాత్రంతా అలర్ట్‌లు వస్తుంటే ఎలా ఉంటుందో, ఆన్-కాల్ చేసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

మరి ఆ పేరు ఎందుకొచ్చింది? 1891లో న్యూయార్క్‌లో విలియం కోలీ అనే సర్జన్ క్యాన్సర్ రోగులకి బ్యాక్టీరియా ఎక్కించి చూశాడు. తీవ్రమైన జ్వరం వచ్చి, కొందరిలో కణితులు కరిగాయి. ఎందుకో ఆయనకి తెలీదు. 1975లో అదే ఊళ్లో స్లోన్ కెటరింగ్‌లో ఎలిజబెత్ కార్స్‌వెల్, లాయిడ్ ఓల్డ్ బృందం ఎలుకల రక్తంలో కణితుల్ని చంపే పదార్థాన్ని గుర్తించి ఈ పేరు పెట్టింది.

క్యాన్సర్‌కి మందు దొరికిందనే అనుకున్నారు. కానీ మనుషులకి ఎక్కిస్తే బీపీ పడిపోయింది, ఒళ్లంతా ఇన్‌ఫెక్షన్ పాకినట్టు అయిపోయారు. పైగా, దీర్ఘకాలిక జబ్బుల్లో మనిషిని చిక్కిపోయేలా చేసే ‘కాకెక్టిన్’ అనే పదార్థం కూడా ఇదేనని 1985లో బ్రూస్ బ్యూట్లర్, ఆంథనీ సెరామీ తేల్చారు. అంటే కణితిని చంపడానికి కావలసిన మోతాదు మనిషినీ చంపేసేంత! అందుకే యూరప్‌లో ఒక పద్ధతి పెట్టారు. కణితి ఉన్న చేతికో కాలికో రక్త ప్రసరణని వేరు చేసి, అక్కడ మాత్రమే ఇస్తారు.

అసలు మలుపు 1999లో వచ్చింది. లండన్‌లో ఫ్రాన్సెస్ బాల్క్‌విల్ బృందం టీఎన్‌ఎఫ్ జన్యువు లేని ఎలుకల్ని పరీక్షించింది. నాన్న లెక్క ప్రకారం వాటికి చర్మ క్యాన్సర్ ఎక్కువ రావాలి. తక్కువ వచ్చింది! కొద్దికొద్దిగా, ఏళ్ల తరబడి ఊరే టీఎన్‌ఎఫ్ కణాలకి ‘చావకు, పెరుగు’ అని చెప్తుంది. కొత్త రక్తనాళాలు రావడానికీ సాయపడుతుంది. హెపటైటిస్-బీ ముదిరితే లివర్ క్యాన్సర్, పేగుల్లో అల్సరేటివ్ కొలైటిస్ ఏళ్లపాటు ఉంటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు పెరగడంలో ఈ ఆరని మంటకి పెద్ద పాత్రే ఉంది.

మందు సంగతికొస్తే, 1992లో లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, లూధియానాలో పుట్టిన రవీందర్ మైనీ కీళ్లవాతం రోగులకి తొలిసారి టీఎన్‌ఎఫ్‌ని ఆపే మందు ఇచ్చారు. ఆ తర్వాత వేలమందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాల్లో మొత్తం మీద క్యాన్సర్ పెరిగినట్టు తేలలేదు. కానీ చర్మ క్యాన్సర్ల మీద కన్నేసి ఉంచాలి. పిల్లల్లో, టీనేజర్లలో లింఫోమా కేసులు కనబడటంతో మందు మీద ఆ హెచ్చరిక కూడా ఉంటుంది. అందుకే ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా అని డాక్టర్ అడుగుతారు. దాచొద్దు.

మన దేశంలో దగ్గరి ప్రమాదం వేరే ఉంది: టీబీ. ఒంట్లో నిద్రపోతున్న టీబీ క్రిముల చుట్టూ కణాలు గోడ కట్టి ఉంటాయి. ఆ గోడని నిలబెట్టేది టీఎన్‌ఎఫే. ఇంజెక్షన్‌తో గోడ బలహీనపడితే క్రిములు బయటికొస్తాయి. ప్రపంచంలోని టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు మన దగ్గరే. మా నాయనమ్మకి టీబీ వచ్చి తగ్గింది. చిన్నప్పుడు నేను ఆమె పక్కనే పడుకునేవాణ్ని. నా రక్త పరీక్ష పాజిటివ్ వచ్చింది. జబ్బు లేదు, క్రిమి ఉంది. దాంతో ముందు నెల రోజులు టీబీ రాకుండా మాత్రలు వాడి, అవి కొనసాగిస్తూనే ఇంజెక్షన్ మొదలుపెట్టాం.

ఇదంతా నాన్నకి చెప్తే కాసేపు మాట్లాడలేదు. “అయితే పేరు తప్పు పెట్టారన్నమాట” అన్నాడు. తప్పు కాదు, సగమే పెట్టారు. ఒకే మెసేజ్ ఎంత మోతాదులో, ఎక్కడ, ఎంతకాలం వస్తుందన్న దాన్ని బట్టి దాని అర్థం మారిపోతుంది.

నాలుగు డోసులయ్యాయి. మూడింటికి మెలకువ రావడం తగ్గింది. బిగుసుకుపోవడం గంట నుంచి పదిహేను నిమిషాలకి వచ్చింది. పూర్తిగా పోతుందని ఎవరూ మాట ఇవ్వలేదు. మా ఇన్సూరెన్స్ ఈ ఇంజెక్షన్‌కి డబ్బులివ్వనంది. కాబట్టి ప్రతి నెలా కొంత పక్కన పెడుతున్నాను.

మీకూ నడుంనొప్పి ఉందా? మూడు నెలలు దాటిందా? రెస్ట్ తీసుకుంటే పెరిగి, కదిలితే తగ్గుతోందా? పొద్దున అరగంటకి పైగా బిగుసుకుపోతోందా? అయితే కొత్త కుర్చీ ఆర్డర్ పెట్టేముందు ఒకసారి రుమటాలజిస్టుకి చూపించుకోండి.