పాత కారు, మారే ఉత్తర్వులు

ప్రభుత్వాల ఆయుష్షు లెక్కగట్టడం నా వృత్తి. ఈ కూటమి అయిదేళ్లు నిలుస్తుందా, ఆ ముఖ్యమంత్రి సంక్రాంతి దాకా ఉంటాడా అని ఎవరైనా అడిగితే జంకు లేకుండా జవాబిస్తాను. లెక్క తప్పితే, ఎందుకు తప్పిందో వివరిస్తూ మరుసటి వారం ఇంకో వ్యాసం రాసుకునే వెసులుబాటు ఎలాగూ ఉంది. నిరుడు సెప్టెంబరులో మాత్రం రెండున్నర లక్షల రూపాయలు చేతిలో పెట్టుకుని ఒక పాత కారు ఇంకా ఎన్నేళ్లు నడుస్తుందో లెక్కగట్టవలసి వచ్చింది. ఇందులో రెండో వ్యాసానికి అవకాశం లేదు.

ఢిల్లీలో ఇరవై రెండేళ్లు కారు లేకుండానే గడిపాను. మయూర్ విహార్‌లో మెట్రో ఎక్కి, ఒకచోట మారితే సెంట్రల్ సెక్రటేరియట్‌లో దిగవచ్చు. కారున్న మిత్రులు పార్కింగు కోసం తిరుగుతున్న సమయంలో నేను క్యాంటీన్‌లో రెండో టీ తాగేవాణ్ని. నాన్నగారు పోయాక అమ్మను తెనాలి నుంచి తీసుకొచ్చాం. ఆమె మోకాలికి శస్త్రచికిత్స అయిన తర్వాత మెట్రో మెట్లు, ఆటో కుదుపులు రెండూ ఆమెకు దూరమయ్యాయి. ఆగస్టులో ఒక అర్ధరాత్రి ఆమెకు ఆయాసం వచ్చింది. మూడు క్యాబులు వస్తామని ఒప్పుకొని ఒకదాని తర్వాత ఒకటి రద్దు చేసుకున్నాయి. చివరికి కింది అంతస్తు పొరుగాయన నిద్రలేచి తన కారులో ఆస్పత్రికి చేర్చాడు. ఆయన ఏమీ అనుకోలేదు. తిరిగివచ్చే దారిలో అమ్మ మాత్రం ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మర్నాడు నా భార్య తన చిట్టీ పాడేసింది.

చిట్టీ డబ్బూ, నా దగ్గర మిగిలిందీ కలిపితే రెండున్నర లక్షలు. అమ్మాయి కాలేజీ ఫీజు నెత్తిమీద ఉండగా అప్పు చేయకూడదన్నది మొదటి షరతు. పాత కారుకిచ్చే అప్పు మీద వడ్డీ కొత్త కారు అప్పు కన్నా ఎక్కువ. బీదవాడికి బియ్యం ఎప్పుడూ ఖరీదే. రెండో షరతు మా ఆవిడ పెట్టింది: ఈ మొత్తంలో ముప్పై వేలు ముట్టుకోకుండా పక్కన పెట్టాలి. టైర్లు, బ్యాటరీ, బీమా, పేరు మార్పిడి అన్నీ కారు ఇంటికొచ్చాకే నోళ్లు తెరుస్తాయన్నది ఆమె వాదన. బడ్జెట్‌లో ఆకస్మిక నిధి గురించి ఎన్నోసార్లు రాసిన నాకు ఈ సంగతి ఆమె చెప్పేదాకా తోచలేదు.

ఢిల్లీలో పాత కారు కొనడం దేశంలో ఇంకెక్కడ కొనడం లాంటిదీ కాదు. ఇక్కడ బండికి రెండు వయసులు. ఒకటి ఇంజనుకు తెలిసిన వయసు, రెండోది న్యాయస్థానానికి తెలిసిన వయసు. పదేళ్లు దాటిన డీజిలు వాహనాలు రాజధాని ప్రాంతంలో తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015 ఏప్రిల్‌లో ఆదేశించింది. పదిహేనేళ్లు దాటిన వాహనాలపై నిషేధం అంతకు ముందటి ఏడాదే వచ్చింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దీనికి ఆమోదముద్ర వేసింది. ఆ తర్వాత చాలాకాలం అమలు నత్తనడకన సాగింది. 2025 జూలై 1న ఒక్కసారిగా, గడువు తీరిన వాహనాలకు బంకుల్లో ఇంధనం పోయరాదన్నారు. నంబరు పలకల్ని చదివే కెమెరాలు పెట్టారు. వారం తిరక్కుండానే ఆ ఉత్తర్వును వాయిదా వేశారు. ఆగస్టు 12న సుప్రీంకోర్టు, కేవలం వయసు కారణంగా ఈ వాహనాల యజమానులపై కఠిన చర్యలు తీసుకోవద్దని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆరు వారాల్లో ఒకే బండి మూడుసార్లు చచ్చి బతికిందన్నమాట.

ఈ కథలో నాకు మింగుడుపడని ముక్క ఒకటుంది. 2010 జూన్‌లో పెట్రోలు ధరపై నియంత్రణ ఎత్తివేసిన ప్రభుత్వం, డీజిలు ధరను 2014 అక్టోబరు దాకా తన గుప్పిట్లోనే ఉంచుకుంది. ఆ నాలుగేళ్లూ రెండింటి మధ్య తేడా చూసి మధ్యతరగతి డీజిలు కార్ల మీద పడింది. కారుకు లక్ష ఎక్కువైనా ఇంధనంలో తిరిగొస్తుందని వేసిన లెక్క అది. ఆ లెక్క వేయించింది ప్రభుత్వ ధరల విధానమే. డీజిలు నియంత్రణ తొలగిన ఆరు నెలలకు పదేళ్ల నిబంధన వచ్చింది. ఆరోజు కొన్నవాడికి ఈ నిబంధన తెలియదు, అతని దగ్గర కొన్నవాడికి సగం తెలుసు. మూడో చేతిగా కొన్నవాడికి పూర్తిగా తెలుసు, అయినా అతని జేబుకు అందేది అదొక్కటే. గాలి బాగుపడాలనే వాదనతో నాకు తగాదా లేదు. నవంబరులో ఈ ఊళ్లో ఊపిరి పీల్చేవాడెవడూ దాన్ని కాదనడు. విధానం మారిన ప్రతిసారీ నష్టం ఆఖరి చేతికే ఎందుకు చేరుతుందన్నదే నా ప్రశ్న.

ఇంత తెలిసినవాణ్ని కాబట్టి తెలివిగా కొంటాననుకున్నాను. కరోల్ బాగ్‌లో పాత కార్ల వీధులకు మూడు ఆదివారాలు తిరిగాను. అక్కడ ప్రతి కారూ ఒక డాక్టరుగారిదే, లేదా బ్యాంకు మేనేజరుదే. అందరూ ఆదివారం మాత్రమే నడిపినవారే. మూడో ఆదివారం 2016 మార్చిలో రిజిస్టరైన డీజిలు సెడాన్ కనిపించింది. వెడల్పయిన సీట్లు, మెరిసే రంగు, మీటరు మీద యాభై రెండు వేల కిలోమీటర్లు, ధర రెండు లక్షల పదివేలు. పదేళ్లు నిండడానికి ఆరు నెలలే ఉంది కాబట్టే ఆ ధర. ఆగస్టు ఉత్తర్వు వచ్చాక ఇరవై వేలు పెంచానని బ్రోకరు దాచకుండానే చెప్పాడు. "సార్‌జీ, సాయంత్రం ఇంకో పార్టీ వస్తున్నారు" అని కూడా చెప్పాడు.

నేను మనసులో న్యాయస్థానాన్ని చదవడం మొదలుపెట్టాను. వయసు బదులు ఉద్గార ప్రమాణాన్ని కొలబద్దగా తీసుకోవాలన్నది ఢిల్లీ ప్రభుత్వ వాదన. ఈ కారు బీఎస్ 4. కోర్టు ఎప్పటికైనా అటే మొగ్గుతుందని నా అంచనా. మొగ్గితే పెద్ద కారు చిన్న కారు ధరకు దక్కినట్టే. జేబులోంచి పదివేలు తీసి టోకెన్ ఇచ్చేశాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ తన లెక్కల పుస్తకంలోంచి తలెత్తకుండానే, "ఓట్లు లెక్కపెట్టకముందే గెలిచినట్టు రాసేయడం మీకు అలవాటేగా" అంది.

మర్నాడు మెకానిక్‌ను తీసుకెళ్లాను. దర్భంగా మనిషి, మా వీధి చివర ఇరవై ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాడు. చూసిపెట్టడానికి పదిహేను వందలు తీసుకున్నాడు. ఆ మొత్తం వ్యవహారంలో నేను సరిగ్గా ఖర్చు పెట్టినవి అవే. ముందురోజు ఫోనులోనే, మనం వెళ్లేదాకా ఇంజను స్టార్ట్ చేయవద్దని బ్రోకరుకు చెప్పించాడు. వెళ్లగానే బానెట్ మీద అరచేయి పెట్టి చూశాడు, వెచ్చగా ఉంది. చల్లటి ఇంజను మొదటిసారి స్టార్టయ్యేటప్పుడు చేసే శబ్దమూ, వదిలే పొగా దాచలేనివట. అందుకే అమ్మేవాళ్లు ముందే వేడి చేసి ఉంచుతారట. తలుపు అంచున రబ్బరు ఊడదీసి, కంపెనీలో పడిన వెల్డింగు చుక్కలు వరుసగా ఉన్నాయో లేదో వేలితో తడిమాడు. తర్వాత బ్రేకు పెడల్ చూపించి, "భయ్యా, యాభై వేలకు ఈ రబ్బరు ఇంత అరగదు" అన్నాడు. డ్రైవరు సీటు కుంగింది, స్టీరింగ్ తోలు అద్దంలా నునుపుదేరింది. అనుమానం వచ్చి, తెలిసినవారి ద్వారా సర్వీసు కేంద్రంలో కారు నంబరు చెప్పి పాత రికార్డు తీయించాను. 2021లోనే ఆ కారు తొంభై ఎనిమిది వేల కిలోమీటర్ల దగ్గర సర్వీసుకు వచ్చింది.

మీటరు తిప్పడమంటే ఒకప్పుడు కేబుల్ ఊడదీసి చేసే మొరటు పని. ఇప్పుడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చేస్తారు. బ్రోకరును అడిగితే అతనేమీ తొణకలేదు. తన దగ్గరికి వచ్చినప్పుడే మీటరు అలా ఉందన్నాడు. టోకెన్ తిరిగివ్వడం బజారు పద్ధతి కాదన్నాడు. పది రోజులు తిరిగి, నా వృత్తి పేరు చెప్పాలా వద్దా అని తర్జనభర్జన పడి, చెప్పకుండానే వదిలేశాను. చెప్పి తెచ్చుకున్న పదివేలకు రేపు ఇంకేదైనా వెల కట్టవలసి వస్తుంది.

ఆ రోజుల్లోనే నల్గొండ నుంచి బావమరిది వరసవాడు ఫోను చేశాడు. "బావా, ఢిల్లీల డీజిల్ బండ్లు మస్తు చవకనట గద, నాకొకటి చూడరాదే" అని. ఢిల్లీలో గడువు దగ్గరపడిన బండి ఎన్ఓసీ పుచ్చుకుని హైదరాబాదు చేరుతుంది. యమున ఒడ్డున పనికిరాని పొగ మూసీ ఒడ్డున పనికొస్తుందన్నమాట. అక్కడ నంబరు మార్చుకునేటప్పుడు జీవితకాల పన్ను మళ్లీ కట్టాలని, ఆ సొమ్ము కలుపుకొంటే చవక ఎంత మిగులుతుందో చూసుకొమ్మని చెప్పాను. నా టోకెన్ సంగతి చెప్పలేదు.

చివరికి కారు దొరికింది బజారులో కాదు, అమ్మను ఫిజియోథెరపీకి తీసుకెళ్లే చోట. అక్కడికొచ్చే ఒక పెద్దాయన కేంద్ర ప్రభుత్వోద్యోగం చేసి రిటైరయ్యారు. చూపు మందగించి కారు అమ్మదలచుకున్నారు. 2014 పెట్రోలు వ్యాగన్ ఆర్, ఒకే యజమాని, డెబ్బై ఒక్క వేల కిలోమీటర్లు. సర్వీసు బిల్లులన్నీ తేదీల వారీగా దారంతో కుట్టి ఉంచారు. పెట్రోలు కాబట్టి పాత నిబంధన ప్రకారం చూసినా 2029 దాకా ఢోకా లేదు. దర్భంగా మెకానిక్ రెండు గంటలు చూసి, ముందు టైర్లూ బ్యాటరీ మార్చాలి, క్లచ్ ఏడాది ఆగుతుంది అన్నాడు. అమ్మ ముందు సీట్లో కూర్చుని, దిగి, మళ్లీ కూర్చుంది. "ఎక్కడానికి వంగక్కర్లేదురా, దిగడానికి లేవక్కర్లేదు" అంది. సెడాన్‌లో ఆమెను ఒక్కసారైనా కూర్చోబెట్టి చూడలేదన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. రెండు లక్షల ఐదు వేలకు బేరం కుదిరింది.

డబ్బు మొత్తం ఇస్తానన్నా ఆయన తాళం చేతికివ్వలేదు. పేరు మారాకే ఇస్తానన్నారు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి, దరఖాస్తు ఆన్‌లైన్‌లో వేయించి, ఆర్‌సీలో నా పేరు కనిపించేదాకా ఆగమన్నారు. నాకు కొంచెం కష్టంగానే అనిపించింది, నమ్మకం లేదా అని అడిగాను కూడా. ఆయన తన పాత కారు సంగతి చెప్పారు. బ్రోకరు చేతికి ఇచ్చిన బండి మూడు చేతులు మారినా రికార్డులో ఆయన పేరే ఉండిపోయింది. ప్రమాదం జరిగినప్పుడు నోటీసు ఆయనింటికి వచ్చింది. నష్టపరిహారం విషయంలో రికార్డులో పేరున్నవాడే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. ఆ తీర్పు సంగతి నాకు తెలుసు. అయినా మొన్న టోకెన్ ఇచ్చిన రోజు, ఆ సెడాన్ ఆర్‌సీ ఎవరి పేరున ఉందో అడిగి చూడలేదు. పేరు మారడానికి పట్టిన పద్దెనిమిది రోజులూ ఆయన డ్రైవరును పెట్టి అమ్మను ఫిజియోథెరపీకి తన కారులోనే పంపారు. డ్రైవరు డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

డిసెంబరు 17న సుప్రీంకోర్టు తన ఉత్తర్వును సవరించింది. బీఎస్ 4, ఆపై ప్రమాణాల వాహనాలకు వయసు ఒక్కటే కారణంగా కఠిన చర్యల నుంచి రక్షణ కొనసాగుతుంది, అంతకన్నా పాత ప్రమాణాలవాటికి ఉండదు. అంటే కోర్టు విషయంలో నా అంచనా తప్పలేదు, తప్పింది మీటరు విషయంలో. కోర్టు వార్తలు రాసే మిత్రుడు ఆ సాయంత్రం ఫోను చేసి, "ఆ డీజిలు కారు కొని ఉంటే సరిపోయేది కదా" అన్నాడు. గాలి మరీ చెడినప్పుడు పెట్టే ఆంక్షల్లో మూడో దశ నుంచే బీఎస్ 4 డీజిలు కార్లను రోడ్డెక్కనివ్వరని, ఢిల్లీలో అప్పటికి నాలుగో దశ నడుస్తోందని గుర్తుచేశాను. ఆ సెడాన్ ఉండి ఉంటే అమ్మ ఇంట్లోనే కూర్చునేది.

అతను ఫోను చేసినప్పుడు నేను పెట్రోలు బంకు దగ్గర వరుసలో ఉన్నాను. పొల్యూషన్ సర్టిఫికెట్ లేనివాళ్లకు మర్నాటి నుంచి ఇంధనం పోయరాదని ఢిల్లీ ప్రభుత్వం ప్రకటించింది. పెద్దాయన ఇచ్చిన కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి, ఈ ఒక్కదానికే గడువు ఆ వారంతో తీరింది. ఫిజియోథెరపీ నుంచి నేరుగా వచ్చేశాం కాబట్టి అమ్మ కూడా కారులోనే ఉంది. అద్దాలు ఎక్కించుకుని, ఒళ్లో రుమాలు పరుచుకుని కమలాపండు వలిచి, సగం నా చేతిలో పెట్టింది. మా ముందు ఇంకా పద్నాలుగు కార్లున్నాయి.