పెట్టె కన్న ముందు గిర్ర

ఒకప్పుడు వడ్రంగి కొట్టం విడిచి కదిలే పని తక్కువ. విరిగిన నాగలి, సడలిన బండి ఆకు అన్నీ కొట్టం ముందుకే వచ్చేవి. ఇప్పుడు కరీంనగర్, మంచిర్యాల చుట్టూ లేస్తున్న ఇళ్ల దగ్గరికి పనివాడే పోవాలి. మోటారు రంపం, రంద మిషన్, డ్రిల్లు, వైరు చుట్ట, వాటి మీద పాత ఉలులూ బాడిసె కలిస్తే బరువు 30 కిలోలకు చేరుతుంది. కరీంనగర్ వెండి తీగపనివాళ్ల సామాను ఒళ్లో పడుతుంది గనక వాళ్లకు ఈ బాధ లేదు. వడ్రంగికి మాత్రం గిర్రల పెట్టె కావాలి. ఆ పెట్టెంతా చేసి, ఆఖరున బజారులో దొరికిన రెండంగుళాల గిర్రలు నాలుగు అడుగున బిగిస్తే పని తలకిందులైనట్టే. నడిచే నేలను బట్టి గిర్ర, గిర్రను బట్టి పెట్టె.

లెక్క చూడండి. దారిలో అరంగుళం కంకర రాయి అడ్డొచ్చింది. రెండంగుళాల గిర్రను దాని మీదికి నెట్టి ఎక్కించాలంటే, ఆ గిర్ర మోస్తున్న బరువుకు 1.7 రెట్ల బలం కావాలి. ఎనిమిదంగుళాల గిర్రకైతే సగానికి కొంచెం ఎక్కువ చాలు. అంగుళం రాయి వచ్చిందా, చిన్న గిర్రను ఎంత నెట్టినా ఎక్కదు, ఎత్తాల్సిందే. ఎడ్లబండికి అంతెత్తు గిర్రలు చేసిన పెద్దలకు ఈ సూత్రం ఎవరూ చెప్పలేదు; చెల్క దారే నేర్పింది.

చిన్న గిర్రలు నాలుగు దిక్కులా తిరుగుతాయి, ఇంట్లో సుఖం కదా అనవచ్చు. నిజమే, నున్నటి బండల మీద. కాని వడ్రంగి మొదట అడుగుపెట్టేది దర్వాజ నిలబెట్టే నాడు. అప్పటికి ఇంట్లో ఉన్నది మొరం. ఆటో ఉండగా గిర్రలెందుకంటారా, ఆటో రోడ్డు మీదే ఆగుతుంది. ఇక ఆసిఫాబాద్ వైపు వానలకు నానిన రేగడి సంగతంటారా, అక్కడ ఏ గిర్రా పనికిరాదు, తల మీదికెత్తుకోవడమే!

ఆదిలాబాద్ టేకు ఉండగా పెట్టెకు ప్లైవుడ్డా అని వృత్తి గౌరవం అడ్డుపడుతుంది. ఎత్తు 2 అడుగులు, పొడవు వెడల్పులు ఒకటిన్నర అడుగు చొప్పున పెట్టెకు అంగుళం మందం టేకు వాడితే ఖాళీ పెట్టే 25 కిలోలు. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయితే అందులో సగం. ఖర్చయ్యేది సగం షీటుకు కాస్త ఎక్కువ. తేలికే కావాలంటే నిర్మల్ బొమ్మల పొణికి కర్ర ఉంది గాని, అంత మెత్తటి కర్రలో స్క్రూ నిలవదు. టేకును నేల తగిలే చోట, చెయ్యి పట్టే చోట పెట్టండి: ముందు రెండు కాళ్లు, వెనక పిడి. ఎనిమిదంగుళాల గిర్రలు రెండే, వెనక అంచు కింద ఇరుసుకు. దించగానే కాళ్ల మీద కదలకుండా నిలుస్తుంది, బ్రేకు అక్కర్లేదు. మిషన్లు ఇరుసు పక్కకు అడుగున, ఉలులు పైన, మొనలకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగి. గిర్రలతో కలిపి వెడల్పు 2 అడుగులు దాటనివ్వకండి; బాత్రూం దర్వాజ రెండున్నర అడుగులే.