తులం బంగారానికి నాలుగు క్వింటాళ్ళ మట్టి

ఈసారి పత్తి ధర ముచ్చట కాదు, బోర్ల ముచ్చట కాదు. చిన్నపిల్లల వన్ డే క్యాంపు గురించి రాస్తున్న. కొంచెం పెద్ద పోస్టే. ఇంట్లో బడికి పోయే పిల్లలున్నోళ్ళు, ముఖ్యంగా మన సంగారెడ్డి, పటాన్‌చెరు చుట్టుపక్కలోళ్ళు చివరిదాకా చదవండి.

మా చెల్లె వాళ్ళాయన పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో పదేండ్లు చేసి, తర్వాత కర్ణాటకలోని కోలార్ జిల్లా మాలూరు ఇండస్ట్రియల్ ఏరియాకు మారిండు. సంక్రాంతి అయినంక వాళ్ళింటికి పోయిన. మేనకోడలు నాలుగో తరగతి. వాళ్ళ బడి వాళ్ళు పిల్లలను కేజీఎఫ్ తీసుకపోతున్నరు, వెంబడి కొంతమంది పెద్దోళ్ళు కూడా రావాలన్నరు. ఇంట్లో ఇద్దరికీ డ్యూటీ. "నువ్వు రా మామా" అన్నది పిల్ల. పోయిన.

కేజీఎఫ్ అంటే మీకు సినిమానే యాదికొస్తది. బస్సులో పిల్లలకూ అంతే. బంగారుపేట దాటేదాకా అందరూ రాకీ భాయ్‌లే. ఆ జిల్లాలో తెలుగు ఇండ్లు మస్తుగున్నయి. బస్సులో సగం మంది తెలుగులోనే కొట్లాడుకుంటున్నరు, టీచర్ కన్నడంలో కోప్పడుతున్నది.

టీచర్ మంచిగ తయారై వచ్చింది. 1880లో జాన్ టేలర్ అనే ఇంగ్లీషు కంపెనీ గనులు చేతికి తీసుకున్నదని, 1902లోనే కావేరి మీద శివనసముద్రం దగ్గర కరెంటు పుట్టించి, దాదాపు 150 కిలోమీటర్ల లైను వేసి ఈ గనులకు తెచ్చిన్రని చెప్పింది. 1965లో ఆ గని లోతులోనే శాస్త్రవేత్తలు న్యూట్రినో అనే కంటికి కనపడని కణం ఆనవాళ్ళు పట్టుకున్నరట. మొత్తం మీద 120 ఏండ్లలో 800 టన్నులకు పైగా బంగారం తీసిన్రు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేసిన్రు. పిల్లలు అన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నరు.

గని లోపలికి పోనియ్యరు. బయట నుంచే ఆ పెద్ద ఇనుప స్తంభాలు, వాటి మీద తుప్పు పట్టిన చక్రాలు చూసినం. ఆ చక్రాల మీద తిరిగే తాడుతోనే మనుషులను కిందికి దించేటోళ్ళు. లోతు 3 కిలోమీటర్లకు పైనే. రైతు లెక్కలో చెప్తే, వెయ్యి ఫీట్ల బోర్లు పది ఒకదాని కింద ఒకటి వేసినట్టు. మన దగ్గర వెయ్యి ఫీట్లు పోయి నీళ్ళు పడకపోతేనే గుండె ఆగినంత పనైతది. వాళ్ళు ఆ లోతుకు రోజూ దిగి, పని చేసి, పైకి వచ్చిన్రు. అంత లోతులో రాయి చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటదట. ఒక్కోసారి ఒత్తిడికి రాయి బాంబు లెక్క పగులుతదట.

ఇవి చెప్పింది గనిలో పని చేసిన ఒక పెద్దాయన. బడి వాళ్ళే పిలిపించిన్రు. తమిళం, కన్నడం, తెలుగు మూడూ కలిపి మాట్లాడుతడు. మాట మధ్యలో దగ్గు. పిల్లలను అడిగిండు, "ఏమప్పా, ఒక టన్ను రాయిలో బంగారం ఎంత ఉంటాది చెప్పండి చూద్దాం?" ఒకడు బస్తా అన్నడు, ఒకామె గంప అన్నది. ఆయన చిటికెడు చూపించిండు. "మూసేనాటికి మూడు, నాలుగు గ్రాములు. అంతే." తర్వాత ఆయన ఇంకో మాట కూడా చెప్పిండు. గని బంద్ అయినంక వాళ్ళ పిల్లలు తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పోయి పని చేసి రాత్రికి వస్తరట. ఊరంతా ఇప్పుడు పండుకోవడానికే ఉన్నది.

భోజనాలైనంక సైనైడ్ గుట్టల దిక్కు పోయినం. రాయిని పిండి లెక్క పొడి చేసి, సైనైడ్ కలిపిన నీళ్ళలో బంగారాన్ని కరిగించి తీసుకుంటరు. మిగిలిన పొడిని పక్కన పోస్తరు. అట్ల వందేండ్లు పోస్తే అయిన గుట్టలు అవి. రైతు కండ్లతో చూసిన. బూడిద రంగు మట్టి, గడ్డి పోచ మొలవదు. వానకు గుట్ట మీద నిలువునా గాడులు పడ్డయి. అంచుల్లో సర్కారు తుమ్మ ఒకటి రెండు. ఎండాకాలం గాలి లేస్తే ఆ పొడి ఇండ్లలోకి వస్తదని పెద్దాయన చెప్పిండు. అక్కడున్న పొడి 3 కోట్ల టన్నులకు పైనే అని లెక్క.

నేను ఫోన్‌లో లెక్కేసిన. 800 టన్నుల బంగారానికి 3 కోట్ల 30 లక్షల టన్నుల మట్టి అనుకుంటే, తులం బంగారానికి నాలుగు క్వింటాళ్ళు. మన ఆడపిల్ల మెడలో రెండు తులాల గొలుసు ఉంటే, ఎక్కడో ఒక ఊరి నెత్తి మీద ఎనిమిది క్వింటాళ్ళ మట్టి ఉన్నట్టు.

మేనకోడలు చాలాసేపు గుట్ట దిక్కు చూసి అడిగింది, "బంగారం అంతా తీస్కపోయిన్రు కదా మామా. మరి దీన్నెందుకు తీస్కపోలే?"

నాలుగో తరగతి పిల్ల. నేను ఏం చెప్పాలె? "దీనికి ధర లేదు బిడ్డా" అన్న.

మిత్రులారా, ఇది రాస్తున్నది కోలార్ కోసం కాదు. నా పొలం నక్కవాగు దగ్గర. మా నాయన ఆ వాగు నీళ్ళతో వరి, చెరుకు పండించిండు. చాపలు పట్టి తిన్నమని ఇప్పటికీ చెప్తడు. తర్వాత ఫ్యాక్టరీలు వచ్చినయి. ఉద్యోగాలు వచ్చినయి, కాదనను. మా చెల్లె సంసారం నిలబడ్డది ఆ జీతంతోనే. కానీ వాగు రంగు మారింది, బాయి నీళ్ళు పసుపు తిరిగినయి. 1990లో కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది, రైతులకు నష్టపరిహారం ఇప్పించిన్రు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరులో వ్యర్థాలు శుద్ధి చేసినంక బయటికొచ్చే నీళ్ళను పరీక్షించిన్రు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ ఉన్నదని రాసిన్రు. ఆ గోలీ మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. గోలీలు దేశదేశాలకు పోయినయి. మిగిలింది మన వాగుకొచ్చింది.

కోలార్ గుట్ట కండ్లకు కనపడుతది, అందుకే పిల్ల అడిగింది. మన గుట్ట నీళ్ళలో, భూమిలో కలిసి ఉన్నది. కనపడదు. కనపడకపోతే ఏ పిల్లా అడగదు.

మన బడులు పిల్లలను గోల్కొండ తీసుకపోతయి, జూ పార్కు తీసుకపోతయి, ఇక్రిశాట్ చూపిస్తయి. మంచిదే. ఒక్క రోజు నక్కవాగు ఒడ్డుకు కూడా తీసుకపోండి. దూరం నుంచే చూపించండి, నీళ్ళు ముట్టనియ్యకండి. ఊళ్ళో అరవై దాటిన రైతును ఒకరిని, ఫ్యాక్టరీలో పని చేసిన మనిషిని ఒకరిని పిలిచి కూర్చోబెట్టండి. మొదటాయన వాగు ఎట్లుండెనో చెప్తడు, రెండో ఆయన లోపల ఏం తయారైతదో చెప్తడు. ఎవరినీ తిట్టాల్సిన పని లేదు. వచ్చింది ఏంది, మిగిలింది ఏంది, రెండు లెక్కలూ పిల్లలు ఒకే పేజీలో రాసుకోవాలె.

మీ ఊరి బడిలో సార్‌ను అడిగి చూడండి. ఎవరైనా తీసుకపోతే కామెంట్‌లో చెప్పండి, మా నాయనను నేనే తోలుకొస్త. ఆయన ముచ్చట మొదలుపెడితే పిల్లలు లేవరు.